మోటారు సైకిలునకు పెట్రోలు పాళ్లు



ఎద్దుబండి నిలుచు వాకిట నేడు మోటారు సైకిలు నిలుచుచున్నది. పాలకేంద్రమునకు పాలు చేర్చుటకును, పొలమునకు ఎరువు బస్తా తెచ్చుటకును, పిల్లలు కళాశాలకు పోవుటకును, అర్ధరాత్రివేళ రోగిని ఆసుపత్రికి కొనిపోవుటకును పెక్కు కుటుంబములకు అదియే ఆధారము. అట్టి బండికి ఒక చిన్న పెట్టె తగిలించినచో బలము పెరుగుననియు, ఇంజను చల్లగా నడచుననియు యువకులు చెప్పుట మీలో పలువురు వినియే యుందురు. ఆ పెట్టెకు ఫ్యూయెల్ కంట్రోలరని పేరు. ఇంజనునకు పోవు పెట్రోలు పాళ్లను మార్చు సాధనమని దాని యర్థము. అమెరికాలో డైనోజెట్ సంస్థవారి పవర్ కమాండరును, మన దేశమున బెంగుళూరు రేస్ డైనమిక్సు వారి ఫ్యూయెల్ ఎక్సును ఈ జాతిలోనివే. వీని వెల వేల రూపాయలలో నుండును. ఆ సొమ్ము తఱుచుగా ఇంటి పెద్దల చేతినుండియే రావలసి యుండును. కావున ఆ పెట్టె చేయు పని యేమి, చేయలేని పని యేమి, దానిని తగిలించుటకు ముందు పెద్దలు అడుగవలసిన ప్రశ్నలెవ్వి యను సంగతులను నేడు మనవి చేయుదును.

మొదట ఇంజను సంగతి. పెట్రోలు తానొక్కటియే మండదు. గాలితో కలసినపుడే మండును. ఈ సత్యము మనకు క్రొత్తది కాదు. కమ్మరి తిత్తి నొత్తినకొలది కొలిమి రగులును. హరికేను లాంతరు వత్తిని మితిమీరి యెత్తినచో వెలుగు పెరుగుటకు మాఱుగా చిమ్నీ మసిబాఱును. డీజిలు ఇంజనుతో బావినీరు తోడిన రైతు గొట్టమునుండి నల్లని పొగ వచ్చుట చూచి, నూనె మండక వృథాగా పోవుచున్నదని చెప్పగలడు. పెట్రోలు ఇంజనునకును ఇదే ధర్మము. తూకమున 14.7 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోలు కలసినచో రెండును మిగులక మండును. దీనిని సరిపాలు అందము. గాలి యంతకు మించినచో మిశ్రమము పలుచన; పెట్రోలు మించినచో చిక్కన.

అయితే ఈ సరిపాలే అన్ని పనులకును ఉత్తమమని యనుకొనరాదు. ఇంజను తన పూర్తి బలము చూపవలెనన్నచో మిశ్రమము కొంత చిక్కనగా, అనగా పన్నెండున్నర మొదలు పదుమూడు పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోలుగా నుండవలయును. తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరము పోవలెనన్నచో సరిపాలుకంటె కొంచెము పలుచనగా నుండవలయును. పొగలోని విషవాయువులను తగ్గించుటకు గొట్టములో నమర్చిన క్యాటలిటిక్ కన్వర్టరు చక్కగా పని చేయవలెనన్నచో సరిగా 14.7 దగ్గఱనే నిలువవలయును. బలము, మైలేజి, శుభ్రమైన పొగ, ఈ మూడును మూడు మళ్లు, కాలువ యొక్కటియే. ఒక మడికి నీరు మళ్లించినచో తక్కిన మళ్లకు కొఱత పడక తప్పదు. ఫ్యూయెల్ కంట్రోలరు క్రొత్త నీటిని తెచ్చు సాధనము కాదు. ఉన్న కాలువను మళ్లించు పార మాత్రమే. ఈ ఒక్క మాట గుర్తున్నచో తక్కినదంతయు సులభముగా బోధపడును.

పూర్వము ఈ పాళ్లను కార్బ్యురేటరు నిర్ణయించెడిది. గాలి వేగముగా పోవునపుడు సన్నని రంధ్రముద్వారా పెట్రోలు తనంత తానే పైకి పీల్చబడి తుంపరయై కలసెడిది. అనుభవము గల మెకానిక్కు చెవి యొగ్గి ఇంజను ధ్వని వినుచు, చిన్న స్క్రూను పావుచుట్టు అటునిటు త్రిప్పి సరిచేసెడివాడు. తరువాత ఇంజెక్షను పద్ధతి వచ్చినది. 1980వ సంవత్సరమున జపాను దేశపు కవాసకీ సంస్థ ఇంజెక్షను గల మోటారు సైకిలును విక్రయమునకు తెచ్చినది. మన దేశమున 2006వ సంవత్సరమున హీరో హోండా వారి గ్లామరు బండిలో ఆ పద్ధతి కానవచ్చినది. 2020 ఏప్రిలు 1వ తేదీనుండి భారత్ స్టేజి ఆఱవ ప్రమాణములు అమలులోనికి వచ్చుటతో క్రొత్త మోటారు సైకిళ్లలో కార్బ్యురేటరు దాదాపుగా కనుమరుగైనది.

ఇంజెక్షను బండిలో పెట్రోలును కొలిచి పోయునది ఇంజెక్టరు. అది విద్యుత్తుతో తెఱచుకొని మూసికొను సన్నని కవాటము. ఎప్పుడు తెఱువవలెనో, ఎంతసేపు తెఱచి యుంచవలెనో ఆజ్ఞ యిచ్చునది ఇ.సి.యు. అను చిన్న గణకయంత్రము. దానిని బండి మెదడనవచ్చును. ఇంజను ఎంత వేగముతో తిరుగుచున్నది, చేతి పిడి ఎంత త్రిప్పబడినది, లోనికి వచ్చు గాలి ఎంత వేడిగా నున్నది యను సంగతులను సెన్సార్లు దానికి ఎప్పటికప్పుడు తెలుపుచుండును. ఈ వేగమునకు, ఇంత పిడికి, ఇంత పెట్రోలు అని కర్మాగారములోనే లెక్క గట్టి వ్రాసిన పట్టిక దానిలో నుండును. ఆ పట్టికనే మ్యాపు అందురు. ఒక సిలిండరు గల ఇంజను నిమిషమునకు 6000 చుట్లు తిరుగునపుడు ఇంజెక్టరు సెకనునకు 50 సార్లు తెఱచుకొనును. తెఱచుకొనిన ప్రతిసారియు కొన్ని మిల్లీసెకనులు మాత్రమే యుండును. మిల్లీసెకను అనగా సెకనులో వేయవ వంతు. ఇంత సూక్ష్మమైన పనిని చెవితో విని స్క్రూతో సరిచేయుట యెవ్వరికిని సాధ్యము గాదు.

మఱియొక ముఖ్యమైన సాధనము కలదు. అది పొగగొట్టమునందు అమర్చిన ఆక్సిజను సెన్సారు. 1976లో జర్మనీ దేశపు బాష్ సంస్థవారు దీనిని మోటారు కార్ల కొఱకు ప్రవేశపెట్టిరి. వంట చేయువారు పులుసును నాలుకపై వేసికొని ఉప్పు సరిచేసినట్లు, ఈ సెన్సారు మండిన పొగను రుచి చూచి, పెట్రోలు ఎక్కువైనదో తక్కువైనదో మెదడునకు చెప్పును. మెదడు వెంటనే దిద్దుకొనును. నిదానముగా, సమవేగముతో పోవునపుడు ఈ దిద్దుబాటు నిరంతరము జరుగుచుండును. పిడిని పూర్తిగా త్రిప్పినపుడు మాత్రము మెదడు సామాన్యముగా ఈ నాలుక మాట వినక, తన పట్టికను బట్టియే పెట్రోలు పోయును.

ఇక పెట్టె యెట్లు పని చేయును? మెదడునుండి ఇంజెక్టరునకు పోవు తీగ నడుమ ఒక కూడిక యుండును. ఆ కూడికను విడదీసి, పెట్టె కొసలను రెండు ప్రక్కల తగిలింతురు. తీగలు కోయనక్కఱలేదు; పెట్టె సీటు క్రింద ఇమిడియుండును. మెదడు ఇంజెక్టరును 4 మిల్లీసెకనులు తెఱువుమని యాజ్ఞ యిచ్చినదనుకొందము. ఆ యాజ్ఞ ముందు పెట్టె చేతికి వచ్చును. నూటికి అయిదు వంతులు ఎక్కువ చేయుమని పెట్టెలో వ్రాసియున్నచో, అది ఇంజెక్టరును 4.2 మిల్లీసెకనులు తెఱచి యుంచును. మునసబు పంపిన చీటిని త్రోవలో గుమాస్తా దిద్ది తలారికి అందించినట్లు! మెదడునకు ఈ సంగతియే తెలియదు. మఱికొన్ని సాధనములు ఇంజెక్టరు జోలికి పోక, సెన్సారు తీగపై కూర్చుండి, ఉన్నదానికంటె మిశ్రమము పలుచనగా నున్నదని మెదడునకు చెప్పి, మెదడుచేతనే ఎక్కువ పెట్రోలు పోయించును. గాలి చల్లగా నున్నదని నమ్మించుటకు గాలివేడిమి సెన్సారు తీగలో చిన్న నిరోధకమును పెట్టి, దానినే గొప్ప యంత్రమని అమ్మువారును కలరు. ఇట్టివి పట్టికను అనుసరించి దిద్దునవి కావు. వేళాపాళా లేక అంతటను ఒకే తీరున పెట్రోలు పెంచునవి. వీనికి దూరముగా నుండుట మేలు.

మంచి పెట్టెవలన లాభము లేదా యన్నచో, కలదు. పందెములయందు నడపు బండికి గాలి వడపోతను మార్చి, పొగగొట్టమును మార్చినచో లోనికి వచ్చు గాలి పెరుగును. కర్మాగారపు పట్టిక ఆ యధికపు గాలిని ఎఱిగి వ్రాయబడినది కాదు గనుక మిశ్రమము పలుచనగును. అప్పుడు పెట్టెతో పెట్రోలును పెంచి సరిచేయుట యుచితమే. మదరాసు దగ్గఱి ఇరుంగాట్టుకోట్టై పందెపు బాటవంటి చోట్ల పోటీచేయువారికి ఇట్టి సరిదిద్దు అవసరము. అట్లే కొన్ని బండ్లు పొగ ప్రమాణములకొఱకు పలుచని మిశ్రమముతో నడచుటచే, మెల్లగా పోవునపుడు కుదుపులు పడుచుండును. కొద్దిగా చిక్కబఱచినచో నడక మృదువగును, వేడిమియు కొంత తగ్గును. కాని యే మార్పును లేని బండికి పెట్టె మాత్రమే తగిలించి పెద్ద బలము కోరుట అడియాస. బలము గాలినుండి వచ్చును. గాలి పెరుగనిదే పెట్రోలు పెంచినంత మాత్రమున బలము పెరుగదు. లాంతరు వత్తి సంగతి మఱల జ్ఞప్తికి తెచ్చుకొనుడు.

ఇచట ఒక చిక్కు కలదు. నిదానముగా పోవునపుడు పెట్టె పెట్రోలు పెంచినను, ఆక్సిజను సెన్సారు ఆ రుచి కనిపెట్టి మెదడునకు చెప్పును. మెదడు మఱల తగ్గించును. గుమాస్తా దిద్దినదానిని అధికారి తిరిగి దిద్దినట్లగును. ఈ పోరు తప్పించుటకై కొందఱు బిగించువారు ఆక్సిజను సెన్సారు కూడికను ఊడదీసి, దాని చోట ఒక బొమ్మ కూడికను తగిలించుచున్నారు. అనగా వంటవాని నాలుకకు గుడ్డ చుట్టినట్లు! మెదడునకు ఇక సరిచూచుకొను దారి లేదు.

దీనివలని నష్టము మన దేశమున నేడు మఱింత పెద్దది. 2023వ సంవత్సరమున నూటికి 20 వంతుల ఇథనాలు కలసిన పెట్రోలు అమ్మకము మొదలై, 2025 నాటికి దేశమంతట వ్యాపించినది. చెఱుకునుండియు, మొక్కజొన్న మొదలగు ధాన్యములనుండియు చేయు ఈ ఇథనాలులో ప్రాణవాయువు ముందే కలసియున్నది. అందుచే దానికి తూకమున 9 పాళ్ల గాలియే చాలును. కావున ఈ మిశ్రిత పెట్రోలునకు సరిపాలు 14.7 కాదు, రమారమి 13న్నర. పాత లెక్క ప్రకారమే పెట్రోలు పోసినచో మిశ్రమము పలుచన పడునన్నమాట. నాలుక చక్కగా నున్న బండి ఈ భేదమును చాలవఱకు తానే కనిపెట్టి సరిచేసికొనును. నాలుక కట్టివేసిన బండి ఆ పని చేయలేదు. ఒక పెట్రోలునకు సరిపఱచిన పెట్టె మఱియొక పెట్రోలు పోసిన నాడు తప్పు లెక్క యగును. దానిని సరిచూచువాడు బండిలో నెవ్వడును లేడు.

తప్పు లెక్కకు ఫలమేమి? మిశ్రమము మితిమీరి పలుచనైనచో, బరువు పనిలో ఇంజను కాగిపోవును. లోపల టకటకమని తట్టు పుట్టును. తుదకు పిస్టనును, పొగ కవాటమును చెడును. మితిమీరి చిక్కనైనచో ప్లగ్గు మసిబాఱును. మండని పెట్రోలు సిలిండరు గోడలపై నున్న నూనెను కడిగివేసి, క్రిందికి జాఱి ఇంజను నూనెను పలుచబఱచును. మిగిలినది పొగగొట్టములో మండి క్యాటలిటిక్ కన్వర్టరును కాల్చివేయును. కార్బను మోనాక్సైడు అను విషవాయువు పెరుగును. దానికి రంగు లేదు, వాసన లేదు. ఇరుకు సందులో బండి నిలిపి ఇంజను నడుపుచుండగా అరుగుమీద కూర్చున్న ముసలివారును, ఉయ్యాలలోని పసివారును దానినే పీల్తురు.

ఇక శాసనము మాట. ఇది ముఖ్యముగా ఇంటి పెద్దలు వినవలసినది; ఏలయన పెక్కు గ్రామములలో బండి నడపువాడు కుమారుడైనను రిజిస్ట్రేషను పత్రము తండ్రి పేరనే యుండును. 1988 నాటి మోటారు వాహనముల చట్టములో 52వ సెక్షను, తయారుచేసినవారు మొదట నిర్ణయించిన లక్షణములకు భిన్నముగా వాహనమును మార్చరాదని యజమానిని శాసించుచున్నది. 2019 సవరణచే చేరిన 182ఏ సెక్షను, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కొక్క మార్పునకు 5000 రూపాయల జుల్మానాగాని, ఆఱు నెలలవఱకు ఖైదుగాని, రెండునుగాని విధింపవచ్చునన్నది. పొగ ప్రమాణము తప్పిన బండి విషయమున 190వ సెక్షను ప్రకారము నడపినవానికే గాక నడపనిచ్చినవానికిని 10,000 రూపాయలవఱకు జుల్మానాగాని, మూడు నెలలవఱకు ఖైదుగాని కలుగవచ్చును. పెట్టె యెక్కించినది కుమారుడు, పత్రము మీది పేరు తండ్రిది! ఈ సంగతి ముందే ఎఱిగియుండుట మంచిది. తయారీదారు ఇచ్చిన హామీ పత్రములో ఇట్టి మార్పులనుగూర్చి యేమి వ్రాయబడినదో అదియు చదువవలయును.

ఇది మన దేశపు పట్టుదల మాత్రమే కాదు. అమెరికాలో 2016 ఆగస్టున హార్లీ డేవిడ్సన్ సంస్థవారు, తమ బండ్లకు తగిలించు ట్యూనరు పరికరములు పొగ ప్రమాణములను మీఱుచున్నవని ప్రభుత్వ పర్యావరణ శాఖ అభియోగము మోపగా, 1 కోటి 20 లక్షల డాలర్ల జుల్మానా చెల్లించుటకును, ఆ పరికరముల విక్రయము మానుటకును ఒప్పుకొనిరి. 2008 మొదలుకొని రమారమి 3 లక్షల 40 వేల పరికరములు అమ్ముడైనవని ఆ శాఖవారి లెక్క. బండి తయారుచేసిన సంస్థకే తప్పని విచారణ, బండి కొన్నవారికి తప్పునని యనుకొనుట వివేకము గాదు.

అటులైనచో కుమారుడడిగినపుడు పెద్దలేమి చెప్పవలయును? వల్లకాదని గద్దించినచో వాడు మీకు తెలియకుండ చేయును. వెంటనే సొమ్మిచ్చినచో వానికి ఆలోచన నేర్పినవారు కారు. కావున నాలుగు ప్రశ్నలు వేయుడు.

మొదటి ప్రశ్న: బండిలో లోపమేమి? బలము తగ్గినదన్నచో పెట్టెకు ముందు గాలి వడపోత దుమ్ముతో నిండినదేమో చూడుడు. కళ్లము మీదుగాను, మట్టిబాటల మీదుగాను తిరుగు బండికి ఇది చాల సామాన్యమైన వ్యాధి. స్పార్కుప్లగ్గు, కవాటముల సందు, గొలుసు బిగువు, చక్రముల గాలి, పట్టుకొని పోవు బ్రేకు, వీనిని వరుసగా పరీక్షింపవలయును. మీటరు ప్రక్కన ఇంజను గుర్తు గల దీపము ఆరక వెలుగుచున్నచో ఇ.సి.యు. ఏదో దోషమును కనిపెట్టినదన్నమాట. దానిని మొదట తెలిసికొనవలయును. రోగము ఆకలిలేమి యైనపుడు అన్నము వడ్డించు గరిటె పెద్దది చేసి లాభమేమి?

రెండవ ప్రశ్న: బండికి గాలి త్రోవ మార్చినావా? వడపోతయు, పొగగొట్టమును కర్మాగారమునుండి వచ్చినవే యైనచో పెట్టె అవసరము మిక్కిలి తక్కువ. మార్చియున్నచో, ఆ మార్పే శాసనమునకు ఒప్పునా యను ప్రశ్న ముందు వచ్చును.

మూడవ ప్రశ్న: కొలిచి సరిచేయువారెవరు? పెట్టెలో అంకె వ్రాయుట సులభము. సరియైన అంకె కనిపెట్టుట కష్టము. అందుకు బండిని డైనమోమీటరు అను దొర్లుడు పీటమీద నడపి, విస్తృత కొలతగల ఆక్సిజను సెన్సారుతో ప్రతి వేగమునందును మిశ్రమమును కొలువవలయును. ముందటి కొలతయు, తరువాతి కొలతయు కాగితముపై చూపలేనివాడు సరిచేసినానని చెప్పినచో నమ్మరాదు. తూకము లేని ధాన్యమునకు వెల కట్టనివారము, కొలత లేని బలమునకు వేలు పోయుదుమా?

నాల్గవ ప్రశ్న: వెనుకకు తీయవచ్చునా? తీగ కోయక, కూడికలనే వాడి, ఆక్సిజను సెన్సారును ఊడదీయక పెట్టిన పెట్టెను ఎప్పుడైనను తీసివేయవచ్చును. బండి మొదటి స్థితికి వచ్చును. తీగలు కోసి అతికినచో వానలకు తుప్పు పట్టి, నడిరాత్రి నడిదారిలో బండి నిలిచిపోవు దినము వచ్చును. ఆ దినము వెనుక కూర్చుండువారు నొప్పులు పడుచున్న కోడలైనను కావచ్చును.

ఈ నాలుగు ప్రశ్నలకును చక్కని యుత్తరము చెప్పగల యువకుడు తన యంత్రమును ఎఱిగినవాడు. అట్టివానిని పందెపు బాటమీదికిని, సాంకేతిక విద్యలోనికిని ప్రోత్సహింపుడు. ఇంజెక్షను బండిని కొలతతో సరిచేయ నేర్చిన మెకానిక్కులు మన మండలములలో ఇంకను తక్కువ. ఆ విద్య అన్నము పెట్టునది. ఉత్తరము చెప్పలేనివానికి ఆ సొమ్ముతో గాలి వడపోతను, ఇంజను నూనెను, మంచి టైర్లను, తలకు ఒక గట్టి హెల్మెటును కొనిపెట్టుడు. అందువలన బండి బలమును నిలుచును, వాని ప్రాణమును నిలుచును.

యంత్రము మన మాట వినును. కాని మనము దానికి నిజము చెప్పినంతకాలమే. దాని నాలుకను కట్టి, దానికి అబద్ధము చెప్పి, మేలు కోరుట న్యాయము గాదు. ఈ సంగతిని మీ ఇండ్లలోని యువకులతో నింపాదిగా ముచ్చటింపవలెనని వేడుచు, మీయొద్ద సెలవు తీసికొనుచున్నాను.